నీటిమట్టం ఎంత?

శుక్రవారం ఉదయం ఎనిమిదీ పదికి, లాకప్ ఊచల అవతల కూర్చున్న దరియావలి మా ఆయన అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు చెప్పలేదు. తిరిగి తనే ఒక ప్రశ్న వేశాడు.

"నీటిమట్టం ఎంత సార్?"

"హజరత్తయ్య యాడుండాడు వలీ? అది చెప్పు ముందు," అన్నాడు మా ఆయన.

"ఈపొద్దు నీటిమట్టం ఎంతో చెప్పండి సార్."

పక్కన లాఠీ పట్టుకుని నిలబడ్డ ఎస్సై కామాక్షయ్య పకపకా నవ్వాడు. "నిన్నట్నించి ఇదే పాట సమాధానం గారూ. టీ ఇచ్చినా ఇదే, లాఠీ చూపించినా ఇదే. మీరు రైల్వే పోలీసులో ముప్పై ఏళ్లు చేసినోరు గదా, మీరన్నా వేరే పాట పాడించండి."

మా ఆయన పేరు సమాధానం. రిటైరై మూడేళ్లయినా బిట్రగుంటలో ఎవరింట్లో చెంబు పోయినా మా గుమ్మంలోకే వస్తారు. నేను ఆయన భార్యను, ఎలిశబెతును. పాతికేళ్లు నర్సు పని చేశాను. ఆయన ఎక్కడికి బయల్దేరినా కళ్లజోడు మర్చిపోతాడు కాబట్టి, అది నా సంచీలో పెట్టుకుని వెంట వెళ్లడం నా అలవాటు. కళ్లజోడు వంక అని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నిన్న సాయంత్రం దరియావలి భార్య మదార్‌బీ వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆమె ముగ్గురు బిడ్డలకూ నేనే పురుడు పోశాను. "అక్కా, కోడిని కొయ్యాలంటేనే పక్కింటాయన్ని పిలిచే మనిషి. మనిషిని నీళ్లలో తోస్తాడా? సోమవారం కోర్టులో పెడతారంట. ఉరి వేస్తారంట గదక్కా," అంది. రాత్రంతా మా ఆయనకు నిద్ర లేదు. పైకి మాత్రం దోమలు అన్నాడు.

దరియావలి తుమ్మలేరు రిజర్వాయరు మీద లస్కరు. తూము తలుపు ఎత్తడం, దించడం, పొద్దునా సాయంత్రం ఆరింటికి గేజీ రాయి దగ్గరికి దిగి నీళ్లు ఎన్ని అడుగులు, ఎన్ని పాయింట్లు, అంటే అడుగులో పదో వంతులు, ఉన్నాయో చూసి రిజిస్టరులో రాయడం అతని పని. ఏటికి అడ్డంగా కట్ట కట్టి, నీళ్లు నింపి అయిదేళ్లయింది. ఆ నీళ్ల కింద ఏటిపాళెం అనే ఊరుంది. ఆ ఊరివాడే హజరత్తయ్య, అరవై ఎనిమిదేళ్ల రైతు. పిల్లలు దక్కక వాళ్లమ్మ ఏటి సాహెబు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. అప్పుడు దర్గా చూసుకునేది దరియావలి తండ్రి. ఒకరు హిందువులు, ఒకరు సాయిబులు అయినా, వీళ్లిద్దరూ ఒకే కంచంలో తిన్న మనుషులు.

"మూడు ముక్కల్లో చెప్తా వినండి," అన్నాడు కామాక్షయ్య. "మంగళవారం సాయంత్రం వీడూ ఆ ముసలాయనా తూము కాడ గట్టిగా అరుచుకున్నారు. బుధవారం మధ్యాన్నం మూడింటికి ఇద్దరూ డిపార్ట్‌మెంటు పుట్టి పడవెక్కి నీళ్లలోకి పోయినారు. అయిదున్నరకు వీడొక్కడే తిరిగొచ్చినాడు. గేదెలు మేపే నాగులమ్మ కళ్లారా చూసింది. గురువారం పొద్దున గట్టు మీద ముసలాయన చెప్పులు దొరికినాయి. ఇద్దరు పోయినారు, ఒకడొచ్చినాడు. ఇంకేం కావాలి మీకు?"

"శవం కావాలి," అన్నాడు మా ఆయన.

"తేలతాది లెండి."

"మూడో రోజు గదా. ఇంకా తేలలేదే?"

కామాక్షయ్య మొహం ముడుచుకున్నాడు. రెండేళ్ల కిందట ఒక రైలు దొంగతనంలో ఆయన పట్టుకున్నవాణ్ని మా ఆయన విడిపించాడు. అది ఇంకా అరగలేదు.

అప్పుడే బయటి నించి వచ్చిన కానిస్టేబుల్ ఊచల దగ్గర ఆగి, "ఒరే వలీ, ఎదురుగా ఇరిగేషన్ సెక్షనాఫీసు బోర్డు మీద రాసుండారు చూడు. ముప్పై అడుగుల ఎనిమిది పాయింట్లు. ఇంక నోరు మూసుకో," అన్నాడు జాలిగా.

దరియావలి కళ్లు మూసుకున్నాడు. బిగబట్టిన ఊపిరి మెల్లగా వదిలాడు. తర్వాత మా ఆయన ఎన్ని అడిగినా పెదవి విప్పలేదు. చివరికి ఒక్క మాట మాత్రం అన్నాడు. "నేను ఒట్టేసుండా సార్. ఇయ్యాళ ఒక్క పూట నన్ను వదిలిపెట్టమనండి. రేపు నేనే వచ్చి చెప్తా."

"వదిలితే యాడికి పోతావురా?" అని కామాక్షయ్య గదిమాడు.

వరండాలోకి వచ్చాక నేను మా ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాను. "ఏమండీ, ఆ అంకె విన్నప్పుడు అతని మొహం చూశారా? బిడ్డకు జ్వరం దిగిందని చెప్తే తల్లి మొహం అట్లా ఉంటుంది. వార్డులో వెయ్యిసార్లు చూశాను. నీళ్లు తగ్గుతున్నాయంటే అతనికి ప్రాణం లేచొస్తోంది. ఆ నీళ్లలో అతనికి కావలసింది ఏదో ఉంది."

"ఏదో కాదు, ఎవరో," అన్నాడు మా ఆయన. ఆ మాట నేననాల్సింది. నా మాటలు నాకంటే ముందు అనేయడం ఆయనకు మొదట్నించీ ఉన్న జబ్బు.

కామాక్షయ్యే జీపు తీశాడు. "మీ కళ్లతోనే చూసుకోండి, రేపు నన్నాడిపోసుకోకుండా," అన్నాడు. లక్క సీలు వేసిన ఖాకీ సంచీలో చెప్పుల జత, పంచనామా కాగితాలు వెంట తెచ్చుకున్నాడు. పుట్టి మాత్రం సాక్ష్యంగా స్టేషన్‌లోనే ఉంది. తొమ్మిది మైళ్ల గతుకుల దారి. చెప్పులు దొరికిన చోటికి చేరేసరికి మా ఆయన రైల్వే గడియారంలో పదీ ఇరవై.

గట్టు మీద ఒక పెద్ద బండ. దాని మీద పాత సున్నం పెచ్చులు ఇంకా ఉన్నాయి. ఎదురుగా నీళ్లు, నీళ్ల మధ్య కంపచెట్లతో ఒక తిప్ప. తిప్పకు అవతల ఏముందో ఇక్కడి నించి కనపడదు.

"ఈ బండ పక్కనే చెప్పులు. నీళ్లకు కొంచెం ఎడంగా," అన్నాడు కామాక్షయ్య.

"కొంచెం అంటే ఎంత?"

"పంచనామాలో ఉండాది, చదువుకోండి. నేను టేపు పెట్టి కొలిపించినా."

నేను కళ్లజోడు అందించాను. మా ఆయన కాగితం చదివి, బండ దగ్గర నించి నీళ్ల దాకా అంగలు వేసుకుంటూ వెళ్లాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు.

"నిన్న పొద్దున ఏడింటికి బండకూ నీళ్లకూ పన్నెండు గజాలు. మీ దస్తూరీయేనా ఇది?"

"నాదే."

"ఇప్పుడు నాలుగు గజాలు."

కామాక్షయ్య నీళ్ల వైపు చూశాడు. "గాలికి అల ముందుకొచ్చుంటాది."

"గాలి గట్టు మీంచి లోపలికి కొడతా ఉండాది ఎస్సై గారూ. పైగా నీళ్ల రంగు చూడండి." మా ఆయన దోసిట్లోకి నీళ్లు తీసి చూపించాడు. ఎర్రమట్టి నీళ్లు. అందులో తంగేడాకులు, ఎండు పుల్లలు తేలుతున్నాయి. "మన పక్క పది రోజులుగా చినుకు లేదు. ఇది పడమటి కొండల్లో పడిన వాన. నీళ్లు పెరగతా ఉండాయి. బోర్డు మీద మాత్రం తగ్గతా ఉండాయి."

"తూము దగ్గరికి పోదాం పదండి," అన్నాను.

తూము గది దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టరు మాల్యాద్రి ఉన్నాడు. దరియావలిని పట్టుకుపోయినప్పటి నించీ రిజిస్టరు రాస్తున్నది అతనే. బుధవారం ముప్పై ఒకటీ రెండు. గురువారం పొద్దున ముప్పై ఒకటి, అది దరియావలి రాసిన చివరి అంకె. గురువారం సాయంత్రం ముప్పై, తొమ్మిది పాయింట్లు. శుక్రవారం పొద్దున ముప్పై, ఎనిమిది పాయింట్లు. రెండూ మాల్యాద్రి దస్తూరీ.

"గేజీ రాయి దాకా దిగినావా?" అని మా ఆయన మెత్తగా అడిగాడు. ఆయన మెత్తగా అడిగితే నాకే భయం.

"దిగకుండా ఎట్లా సార్..."

"అయితే మెట్ల మీద పాచి నీ చెప్పులకేది?"

మాల్యాద్రి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. శుభ్రంగా ఉన్నాయి. "అరవై రెండు మెట్లు సార్. జారతాయి. పది రోజులుగా రోజుకు రెండు పాయింట్లు లెక్కన తగ్గతానే ఉండాది. వానలకు ముందు ఎప్పుడూ ఇంతే గదాని, పొద్దునకు ఒకటి, సాయంత్రానికి ఒకటి తగ్గించి రాసేసినా. ఈ రోజుల్లో పెరుగుద్దని ఎవురనుకుంటారు సార్!"

అతన్ని తిట్టే టైము కూడా లేదు. మా ఆయన అరవై రెండు మెట్లూ దిగాడు. మోకాళ్ల నొప్పుల మనిషి, నేను వద్దన్నా వినలేదు. కింద నించి అరిచాడు. "ముప్పై రెండూ నాలుగు పాయింట్లు!" గేజీ పక్కన నీటి అంచు మీది పాచిలో తుమ్మముల్లు గుచ్చి, గడియారం చూస్తూ పావుగంట అక్కడే కూర్చున్నాడు. ముల్లు మునిగింది. "గంటకు రెండు పాయింట్లు పైనే," అని చెప్తూ రొప్పుకుంటూ పైకొచ్చాడు.

"పెరిగితే పెరిగింది. ముసలాయన చావుకూ దీనికీ ఏంది సంబంధం?" అన్నాడు కామాక్షయ్య.

అప్పుడు నేను అడిగాను. "ఎస్సై గారూ, చెప్పులు ఎట్లా పెట్టి ఉన్నాయి? పంచనామాలో మీరే రాయించారు కదా."

"జంటగా. మొనలు ఊరి పక్కకు. పైన ఒక రాయి పెట్టుండాది."

"చావబోయేవాడు చెప్పులు గాలికి పోకుండా రాయి పెట్టుకుంటాడా? వలీ తోసేసి ఉంటే ఆ చెప్పులు పుట్టిలోనో నీళ్లలోనో ఉండాలి కదా? ఆ సున్నపు బండ నాకు తెలుసు. ఏటి సాహెబు దర్గా దానికి రెండు ఫర్లాంగుల అవతల. ఏటిపాళెం పోయే ప్రతి మనిషీ, ఏ కులమైనా ఏ మతమైనా, ఆ బండ దగ్గర చెప్పులు విడవాల్సిందే. కాన్పుకు పరిగెత్తే తొందరలో నేను కూడా చెప్పులు చేత్తో పట్టుకునేదాన్ని. హజరత్తయ్య చావడానికి చెప్పులు విడవలేదు. దర్గాకు పోవడానికి విడిచాడు. తిరిగొచ్చి వేసుకోవడానికి రాయి పెట్టాడు."

"దర్గా నీళ్లలో గదా ఉండేది!"

"ఎప్పుడూ కాదండీ," అని గొణిగాడు మాల్యాద్రి. "నీళ్లు ముప్పై ఒకటిన్నరకు దిగితే తిప్ప ఎనక మిట్ట బయటపడుద్ది. దర్గా మిట్ట మీదే. అరుగు ఎత్తు గేజీ లెక్కలో ముప్పై మూడు అడుగులు."

ముప్పై రెండూ నాలుగు. ముప్పై మూడు. అందరం మనసులో లెక్క వేసుకున్నాం. మా ఆయన గడియారం పదకొండు చూపిస్తోంది.

"నిన్న గురువారం. దర్గాలో గంధం పండగ నిన్నే," అన్నాను.

మాల్యాద్రి మోటారు బోటు లేదన్నాడు. ఉన్న పడవ ఒక్కటే, ఆ పుట్టి. అది తొమ్మిది మైళ్ల దూరంలో పోలీసు స్టేషన్‌లో ఉంది. కంపచెట్ల మధ్య దాన్ని నడిపే మనిషీ అక్కడే ఉన్నాడు. రెండింటినీ తీసుకుపోయింది కామాక్షయ్య. ఆయన ఆ మాట ఎవరూ అనకుండానే జీపు దగ్గరికి పరిగెత్తాడు.

పదకొండూ ఇరవై అయిదుకు మేము మళ్లీ లాకప్ ముందున్నాం. ఈసారి మా ఆయన ఏమీ అడగలేదు.

"వలీ, నీటిమట్టం ముప్పై రెండూ నాలుగు, ఈపాటికి ఆరు అయ్యుంటాది. బోర్డు మీద అంకె అబద్ధం. నేనే దిగి చూసొచ్చినా."

దరియావలి దెబ్బ తగిలినట్టు లేచాడు. ఊచలు పట్టుకుని, "తలుపు తీయండి సార్! అన్న ఆడుండాడు! మిట్ట మీద ఉండాడు! గోడలు అయిదేళ్లు నానినాయి, అరుగెక్కితే నీళ్లు ఆగవు సార్, కూలిపోతాయి!" అని అరిచాడు.

తాళం తీస్తూ కామాక్షయ్య కూడా అరిచాడు. "రెండు రోజులు ఎందుకు చెప్పలేదురా?"

"దర్గా మీద ఒట్టేయించుకున్నాడు సార్. మంగళవారం దానికే పోట్లాడినాడు. గంధం నాడు దీపం పెట్టకపోతే నేనెందుకు పుట్టినట్టురా అన్నాడు. ఎవురన్నా పోతుండారని తెలిస్తే డిపార్ట్‌మెంటోళ్లు దర్గా పగలగొట్టి రాళ్లు ఎత్తుకపోతారని ఆయన భయం. డిపార్ట్‌మెంటు పుట్టి వాడినందుకు నా ఉద్యోగం పోద్దని నా భయం. నీళ్లు తగ్గతా ఉండాయి, తినేదానికి రొట్టెలుండాయి గదా, ఒక రోజు ఆలస్యమైనా భద్రంగా ఉంటాడులే అనుకున్నా. ఈపొద్దే తీసకరావాల సార్."

పుట్టి కోసం స్టేషన్ వెనక్కి వెళ్తే అది బోర్లించి ఉంది. కింద అయిదు కోళ్లు. సాక్ష్యం ఖాళీగా ఉంది గదాని స్టేషన్ రైటరు తన కోళ్ల మీద కప్పాడట. కామాక్షయ్య దాన్ని ఎత్తితే కోళ్లు గోలగోలగా చెదిరిపోయాయి. ఎస్సై అన్నవాడు పుట్టిని తన నెత్తిన పెట్టుకుని జీపు దాకా మోయడం ఆ ఊళ్లో అదే మొదటిసారి అయ్యుంటుంది. ఆ నిమిషంలో ఆయనంటే నాకు ఇష్టం కలిగింది.

పన్నెండూ పదికి సున్నపు బండ. నీళ్లకూ బండకూ మధ్య గజం కూడా లేదు. పుట్టిలో ఇద్దరికే చోటు కాబట్టి దరియావలి ఒక్కడే ఎక్కాడు. తెడ్డు వేస్తూ వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. తిప్ప చుట్టూ తిరిగి కనపడకుండా పోయేసరికి పన్నెండూ నలభై.

ఇక మేము చేయగలిగింది లేదు. కామాక్షయ్య కట్ట మీదికి పోయి, తనే మెట్లు దిగి గేజీ చూసి వచ్చి చెప్తున్నాడు. ముప్పై రెండూ తొమ్మిది. ముప్పై మూడు. మూడోసారి దిగడానికి వెళ్తుండగా, తిప్ప అవతల నించి ఏదో కూలిన చప్పుడు వినపడింది. బరువుగా, ఒక్కసారే. కంపచెట్ల మీది కొంగలన్నీ లేచాయి.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం పెళ్లినాడు చర్చిలో తర్వాత ఇదే. ప్రార్థన చేద్దామనుకున్నాను. మదార్‌బీ మొహం తప్ప మాటలు రాలేదు.

ఒంటిగంటా ఇరవైకి తిప్ప పక్క నించి పుట్టి బయటికి వచ్చింది.

అందులో ఒక్కడే కనిపించాడు.

"ఒకడు పోయినాడు, ఒకడొచ్చినాడు," అన్నాడు కామాక్షయ్య. ఆ గొంతులో ఎస్సై లేడు. "నేనే చంపినా సమాధానం గారూ. వీణ్ని పట్టుకపోయి నేనే చంపినా."

"ఉండండి," అన్నాను. నా చూపు దూరానికి బాగా ఆనుతుంది. దరియావలి మోకాళ్ల దగ్గర పచ్చగా ఏదో కదిలింది. పచ్చ గుడ్డ. దాని కింద నించి ఒక సన్నటి చెయ్యి బయటికి వచ్చి, పుట్టి అంచు పట్టుకుంది.

ఒడ్డుకు చేరేసరికి అందరం మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నాం. దర్గా జెండా గుడ్డ కప్పుకుని వణుకుతున్న హజరత్తయ్యను నేనే దింపి, నాడి చూశాను. బలహీనంగా ఉన్నా బాగానే కొట్టుకుంటోంది. నాడి కంటే నోరు బాగుంది.

"నేను గోపురం ఎక్కి కూచునుండా నర్సమ్మా. ఈడు వచ్చి, దూకన్నా దూకన్నా అని అరిచినాడు. నేను పుట్టిలో పడినానో లేదో, ఎనక గోడ పోయింది." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "సాహెబు నన్ను దింపి, తను పడిపోయినాడమ్మా."

దరియావలి ఆయన పాదాల దగ్గర కూలబడి ఏడుస్తున్నాడు. ముసలాయన అతని తల నిమురుతూ, "నువ్వు నోరిప్పకుండా రెండు రోజులు లోపలున్నావంట గదరా, ఎర్రిముండాకొడకా," అన్నాడు. అంత ముద్దుగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు.

"కేసు ఏమని రాస్తారు?" అని మా ఆయన అడిగాడు.

కామాక్షయ్య మొహం తుడుచుకున్నాడు. "ఇద్దరు పోయినారు, ఇద్దరొచ్చినారు. కొంచెం ఆలస్యంగా." తర్వాత మాల్యాద్రి వైపు తిరిగాడు. "నువ్వు పుట్టి సంగతి పైకి రాస్తే, నేను గేజీ సంగతి రాస్తా. తెలిసిందా?" మాల్యాద్రి గబగబా తల ఊపాడు. మా ఆయన మీసాల్లో నవ్వుకోవడం చూశాను. ఆయనకు పోటీదారు నచ్చిన రోజు అదొక్కటే.

"నా చెప్పులు యాడ?" అన్నాడు హజరత్తయ్య ఉన్నట్టుండి. "ఈ బండ కాడ రాయి పెట్టి పోయినా. ఎవురెత్తుకపోయినారు?"

కామాక్షయ్య జీపు దగ్గరికి వెళ్లి ఖాకీ సంచీ తెచ్చాడు. లక్క సీలు గోటితో పగలగొట్టి, చెప్పుల జత తీసి, వంగి ముసలాయన పాదాల ముందు పెట్టాడు.

హజరత్తయ్య వాటిని తొడుక్కోలేదు. సున్నపు బండ వైపు చూశాడు. నీళ్లు దాని చుట్టూ తిరిగి మా కాళ్ల దాకా వచ్చాయి. చెప్పులు చేత్తో తీసుకుని, తడబడుతూ గట్టు పైకి నడవడం మొదలుపెట్టాడు.

"వేసుకోండి పెద్దాయనా, ముళ్లుంటాయి," అన్నాడు కామాక్షయ్య.

"ఈడ వద్దు నాయనా. దర్గా ఇప్పుడు నీళ్లలో కలిసిపోయింది గదా. నీళ్లు యాడిదాకా వస్తే ఆడిదాకా దర్గానే."

దరియావలి ఆయన భుజం పట్టుకుని వెంట నడిచాడు. మా ఆయన చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు, నేనూ విడిచాను. కామాక్షయ్య తన బూట్ల వైపు ఒకసారి చూసుకుని, ఆ తడినేల మీదే ఒక మోకాలు ఆనించి లేసులు విప్పడం మొదలుపెట్టాడు.